వంక దాటిన బంతి

రేణిగుంట జంక్షన్‌లో టికెట్లు తనిఖీ చేసే పరంధామయ్యకు ఏ మనిషిని చూసినా ముందు చేతులు కనిపించేవి, తర్వాతే మొహం. టికెట్టు ఉన్నవాడి చెయ్యి తిన్నగా జేబులోకి పోతుందనీ, లేనివాడి చెయ్యి ముందు తల గోక్కుంటుందనీ ఆయన సిద్ధాంతం. కొండకు పోయి గుండు కొట్టించుకొని వచ్చే యాత్రికులు రైల్లో మరీ గట్టిగా గోవింద కొట్టారంటే, ఆ పెట్టెలో ఎవరో ఒకరు టికెట్టు లేకుండా కూర్చున్నారని ఆయనకు గట్టి నమ్మకం. చాలాసార్లు ఆ నమ్మకం తప్పేది. తప్పినవన్నీ మరిచిపోయేవాడు. నిజమైన ఒకటో రెండో మాత్రం ఏళ్ల తరబడి చెప్పుకునేవాడు.

ఇంటికొచ్చినా కోటు విప్పేవాడు గానీ ఆ బుద్ధిని విప్పేవాడు కాదు. పాలవాడు నవ్వితే నీళ్లు కలిపినందుకు నవ్వాడని, నవ్వకపోతే దొరికిపోతానని భయపడ్డాడని ఆయన లెక్క. పక్క క్వార్టర్లవాళ్లు పెళ్లికి పిలిస్తే, "మనతో ఏం పని పడిందో" అని రెండు రోజులు ఆలోచించి మూడోరోజు పోయేవాడు, పెళ్లి అయిపోయాక. చెడ్డవాడు కాడు. ఒక్క అణా లంచం తీసుకున్న పాపాన పోలేదు. అయినా ఆయన ఫలహారశాలలోకి వస్తే అక్కడి మాటలు ఆగిపోయేవి. మాటలు ఆగాయి కాబట్టి అవి తన గురించే అయి ఉంటాయని ఆయన అనుకునేవాడు.

1943లో టికెట్ల తనిఖీవాళ్లకు పైన ఉండే హెడ్ ఎగ్జామినరు ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. అది తనకే వస్తుందని పరంధామయ్య కొత్త కోటు కూడా కుట్టించుకున్నాడు. పాకాలలో పనిచేసే తనకంటే చిన్నవాడికి ఇచ్చారు.

"ఇది ఆఫీసులో జరిగిన పని కాదు," అన్నాడు భార్య జ్ఞానాంబతో. "ఆ లోకో షెడ్డు ఎనక మైదానం ఉండాదే, ఆడ జరిగింది. సాయంత్రమైతే దొరలంతా కర్రలు ఎత్తుకొని ఆడికే పోతారు. పెద్దోళ్లు ఊరికే ఒక చిన్న బంతి ఎంటబడి ఎండలో నడుస్తారా? మన తలరాతలన్నీ ఆడనే రాస్తా ఉండారు."

ఆ మైదానం గోల్ఫు ఆడే చోటు. కరకంబాడి దారి పక్కన ఎర్రమట్టి నేల, అక్కడక్కడా తుమ్మచెట్లు. గడ్డి అనేది పేరుకు కూడా లేదు. బంతి పడాల్సిన గుంటల చుట్టూ నూనె కలిపిన ఇసుక పరిచి చదును చేసేవారు. మధ్యలో అడ్డంగా ఒక ఎండిపోయిన వంక, వానొస్తే పారే వాగు. మొదటి దెబ్బకే బంతి ఆ వంకను దాటాలి. దాటితే ఆటగాడు. దాటకపోతే దిగి, ముళ్లలో వెతుక్కోవాలి.

యుద్ధం వచ్చి తెల్ల ఆఫీసర్లు సగంమంది సైన్యానికి పోయారు. ఆడేవాళ్లు కరువై, నల్ల ఉద్యోగులను కూడా రానిస్తామని ఆ ఏడు నోటీసు పెట్టారు. అసిస్టెంటు స్టేషను మాస్టరు దామోదరం సరదా కొద్దీ చేరాడు. పరంధామయ్య అనుమానం కొద్దీ చేరాడు. అక్కడ ఏం మాట్లాడుకుంటారో చెవులారా వినాలని.

విన్నాడు. నెల తిరిగేదాకా విన్నాడు. ట్రాఫిక్ దొర బంతి గురించి మాట్లాడేవాడు. డాక్టరు దొర తన మోచేతి గురించి మాట్లాడేవాడు. బంతి కుడివైపుకు ఎందుకు పోతోంది, ఎడమకాలు ఎక్కడ పెట్టాలి, గాలి ఎటు ఉంది. ఉద్యోగాల మాట, బదిలీల మాట ఎవరి నోటా రాలేదు.

"నన్ను సూసి మాట మారుస్తా ఉండారు," అన్నాడు ఇంటికొచ్చి. "ఎడమకాలు అంటే గుంతకల్లు, కుడికాలు అంటే గూడూరు. అదంతా గుర్తుల భాష."

జ్ఞానాంబ నవ్వలేదు. అన్నం వడ్డించింది.

అయితే వినడానికి పోయినవాడు ఆడక తప్పదు కదా. కర్ర పట్టుకున్నాడు. మొదటి దెబ్బకు బంతి కదలలేదు. రెండో దెబ్బకు మట్టి లేచింది. మూడో దెబ్బకు బంతి ఎగిరింది. ఎర్రమట్టి మీద నుంచి ఆ తెల్లటి చుక్క ఆకాశంలోకి లేచి, తిరుమల కొండల నీలం మీద ఒక్క క్షణం నిలిచినట్టు కనిపించి, వంకలో పడింది. ఆ ఒక్క క్షణం పరంధామయ్యను పట్టేసింది. మర్నాడు ఏం వినాలో మరిచిపోయి, ఆడటానికే పోయాడు.

కానీ బంతి వంక దాటేది కాదు. ఆయన మంచి కండ ఉన్న మనిషి. కదిలే రైల్లో దొంగను ఒంటిచేత్తో ఆపిన భుజాలు. ఆయనలో సగం లేని దామోదరం బంతి తేలిగ్గా వంక దాటి అవతల గంతులు వేసేది. పరంధామయ్యది ప్రతిసారీ ముళ్లలోకే. బంతి వంకలో పడ్డప్పుడల్లా ఆయనకు ఒక వంక దొరికేది. కర్ర వంగి ఉంది. గాలి ఎదురుగా ఉంది. తను కొట్టేటప్పుడే షెడ్డులో ఇంజను కూత వేస్తోంది, అదీ దామోదరం చెప్పి వేయించిందే.

చివరికి అనుమానం బంతి మీదికి వచ్చింది. ఇది అందరి బంతుల్లాంటిది కాదు, లోపల ఏదో బరువు పెట్టి ఇచ్చారు. ఒకరోజు డ్యూటీ దిగి వచ్చి వరండాలో పీట వేసుకొని, కొబ్బరి కోసే కత్తితో బంతిని కోశాడు. పైపొర ఊడగానే లోపల సన్నటి రబ్బరు దారం, మెలికలు తిరుగుతూ, బుసకొట్టినట్టు లేచింది. లాగాడు. ఇంకా వచ్చింది. వరండా అంతా, తులసికోట దాకా, వాకిలి దాటి వీధిలోకి రబ్బరు దారం. కడపట చింతగింజంత ఉండ ఒకటి మిగిలింది. దాన్ని కూడా చితగ్గొట్టి చూశాడు. ఏమీ లేదు.

యుద్ధకాలంలో అలాంటి బంతి మద్రాసులో కూడా దొరకడం గగనం. ఇచ్చినవాడు తనతోపాటు ఆడే మెయిలు రైలు గార్డు డిసిల్వా. ఆంగ్లో ఇండియన్. గూడూరులో పుట్టి, గూడూరు వీధుల్లో పెరిగినవాడు. తెలుగు మనలాగే మాట్లాడేవాడు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చిన డిసిల్వా ఆ దారం కుప్పను చూశాడు.

"ఏంది పరంధామం ఇది? పేగులు తీసినట్టు తీసినావే!"

"లోపల ఏముండాదో సూద్దామని."

"ఏముండాది?"

"ఏం లేదు," అన్నాడు పరంధామయ్య. "అదే నాకు అనుమానం."

డిసిల్వాకు కోపం రావలసింది. రాలేదు. ఎందుకో ఆ మనిషి మీద జాలి వేసింది. "బంతిలో లేదప్పా తప్పు. నీ ఊపులో ఉండాది. రేపు రా, నేను నేర్పిస్తాను," అన్నాడు.

మర్నాటి నుంచి నేర్పడం మొదలుపెట్టాడు. "నువ్వు కర్రను టికెట్టు లేనోడి మణికట్టు మాదిరి పట్టుకుంటా ఉండావు. అట్ల కాదు. గాజులోడు ఆడబిడ్డ చెయ్యి పట్టుకుంటాడే, అట్ల. జారకూడదు, నొప్పీ పుట్టకూడదు. బలమంతా చేతుల్లో పెట్టొద్దు. ఎనక్కి పోయేటప్పుడు నిదానం. ఎడమ భుజం గడ్డం కిందికి రానీ. కిందికి దిగేటప్పుడు ముందు నడుం తిరగాల, దాని ఎనక భుజాలు, కడాకు చేతులు. చేతులు ముందు పరిగెత్తితే బంతికి అందేది ఉత్త గాలే."

పరంధామయ్య అన్నీ తలూపుతూ విన్నాడు. వింటూనే ఆలోచించాడు. వీడెవడు? నాతో పోటీ ఆడేవాడు. నేను గెలిస్తే వీడికేం లాభం? లాభం లేనిదే గార్డు డ్యూటీ దిగి వచ్చి ఎండలో నిలబడి చెప్తాడా? కొట్టేదానికి కర్రను గట్టిగా పట్టుకోవాలని ఏ కట్టెలు కొట్టేవాడినడిగినా చెప్తాడు. వీడు లేతగా పట్టుకోమంటున్నాడంటే, కర్ర జారి నేను నవ్వులపాలు కావాలనే.

కాబట్టి డిసిల్వా ఏం చెబితే దానికి సరిగ్గా ఎదురు చేశాడు. నిదానమంటే విసురుగా లేపాడు. లేతగా అంటే పిడికిలి తెల్లబడేదాకా బిగించాడు. నడుమంటే నడుమును మేకు కొట్టినట్టు నిలిపి చేతులతోనే బాదాడు. వానాకాలం వచ్చేసరికి బంతి వంక దాకా కూడా పోవడం మానేసింది. నడుము పట్టేసింది. "సూసినావా, వాని పాఠం వల్లనే నా నడుం పోయింది," అని ఆముదం రాయించుకుంటూ మూలిగాడు.

పరంధామయ్య కాట్పాడి డ్యూటీకి పోయిన ఒక ఉదయం డిసిల్వా ఆయన ఇంటికి వచ్చాడు. నడుము ఎలా ఉందో అడిగి పోదామని. జ్ఞానాంబ కాఫీ ఇచ్చి, తలుపు దగ్గరే నిలబడింది.

"ఒక మాట అడుగుతానమ్మా," అన్నాడు డిసిల్వా. "నేను మంచే చెప్తా ఉండాను. ఆయన దానికి ఎదురు చేస్తా ఉండాడు. నేనేమన్నా ద్రోహం చేసినానా?"

జ్ఞానాంబ కొంగుతో చేతులు తుడుచుకుంది. చెప్పాలా వద్దా అన్నట్టు వీధివైపు ఒకసారి చూసింది.

"ఆయన మొగాన చెప్తే ఏదీ నమ్మడన్నా. పెండ్లయిన కాడ్నుంచి సూస్తా ఉండాను. చాటుగా చెవిన పడితేనే నమ్ముతాడు. మా అమ్మగారి ఇంటికి పోవాలంటే నేను ఆయన్ను అడగను. పెరట్లో నిలబడి, పక్కింటామెతో 'అమ్మను సూడాలని ఉండాది గానీ ఈయన్ను అడగబుద్ధి కావడంలేదు' అంటాను. పొద్దన్నే పాసు రాయించుకొని వస్తాడు."

డిసిల్వా కాఫీ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత పగలబడి నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"నవ్వులాట కాదన్నా. ఇంట్లో ఇద్దరే మనుషులం. నేను మాట్లాడాలంటే గోడతో మాట్లాడాల."

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, గూడూరు ప్యాసింజరు కోసం పరంధామయ్య స్టేషను లాంతర్లు పెట్టే దీపాల గదిలో కూర్చున్నాడు. పక్కది గార్డుల గది. మధ్యలో రేకు గోడ. అవతల నుంచి డిసిల్వా గొంతు వినిపించింది.

"పరంధామానికి మాత్రం తెలియనీయొద్దు దామోదరం."

పరంధామయ్య గోడకు చెవి ఆనించాడు.

"ఆ భుజాలు సూసినావా? ఆ భుజాలకు నడుం తోడైందంటే మనల్నంతా మించి పోతాడు. బలమంతా చేతుల్లో పెట్టి చెడగొట్టుకుంటా ఉండాడు. మనకు అదే మంచిది."

"లేతగా పట్టుకొమ్మని నువ్వే చెప్పినావంట గదా? పట్టుకుంటే?" ఇది దామోదరం గొంతు.

"నేను చెప్పింది చెయ్యడని తెలిసే చెప్పినాను! నిజం చెప్తే ఆయన నమ్మడు. అందుకే నిజమే చెప్పినాను. ఆ నడుం సంగతి, ఆ పట్టు సంగతి ఆయన నమ్మిన రోజు మన పని అయిపోయినట్టే."

పరంధామయ్య ముఖం జేవురించింది. ఇన్నాళ్లూ తనను నిజం చెప్పి మోసం చేశాడా? ఇంత లోతైన కుట్ర తన ఉద్యోగజీవితంలో చూడలేదు. ఒకవైపు మండిపోతోంది. ఇంకొకవైపు, తన అనుమానం ఇన్నాళ్లకు నిజమైందన్న తృప్తి కడుపు నింపినట్టుంది. గూడూరు ప్యాసింజరు వచ్చి పోయేదాకా ఆయన ఆ గది నుంచి కదలలేదు.

మర్నాటి నుంచి మైదానానికి పోవడం మానేశాడు. నడుము నొప్పి అని చెప్పి, పొద్దున్నే కర్రకు గోనెపట్టా చుట్టి, ఎవరూ రాని చోటు చూసుకొని సువర్ణముఖి ఏటి ఇసుకలోకి పోయేవాడు. బంతి లేదు. ఉత్త ఊపే. కర్రను తిరగేసి, సన్నటి కొస కిందికి పెట్టి ఊపితే గాలిని కోసిన చప్పుడు వస్తుంది. మొదట్లో ఆ చప్పుడు ఆయన తలకు పైనే, కుడిచెవి పక్కనే వచ్చేది. బంతి ఉండాల్సిన చోటుకు వచ్చేసరికి అయిపోయేది. చేతులు ముందే పరిగెత్తేస్తున్నాయి. డిసిల్వా చెప్పింది ఇదే. బలం దారిలోనే ఖర్చయిపోతోంది.

మేకలు తోలుకొచ్చే గురవమ్మ అనే ముసలామె గట్టు మీద నిలబడి చూసింది. "పాములు కొడతా ఉండావా నాయనా?"

"ఊ," అన్నాడు పరంధామయ్య. తర్వాత ఈమెను దామోదరం పంపాడేమోనని ఇంకా దిగువకు పోయాడు.

పిడికిలి వదులు చేయడమే అన్నిటికంటే కష్టమైంది. ఆ వేళ్లు ఏళ్ల తరబడి బిగించడానికే అలవాటు పడ్డాయి. వదిలితే ఎవరో లాక్కుపోతారన్న భయం వాటిలో ఇంకిపోయింది. గాజులవాణ్ని తలుచుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. ఎడమ భుజం గడ్డం కిందికి వచ్చింది. అక్కడ రవ్వంత ఆగాడు. నడుము తనంతట తాను ముందుకు తిరిగింది. భుజాలు దాని వెనకే వచ్చాయి. చేతులు ఎక్కడున్నాయో ఆయనకు తెలియలేదు. స్స్ మని చప్పుడు వినిపించింది. తల దగ్గర కాదు, కింద, ఎడమకాలి ముందర. ఆయన కళ్లు తెరిచి చుట్టూ చూశాడు, ఆ చప్పుడు చేసింది ఇంకెవరైనా ఏమోనని. ఇసుకలో తన ఒక్కడి నీడే ఉంది.

వానలు వెనకబట్టాక మైదానానికి తిరిగి పోయాడు. డిసిల్వా, దామోదరం ఇద్దరూ అక్కడే ఉన్నారు. పరంధామయ్య ఎవరినీ పలకరించలేదు. బంతి పెట్టాడు. దాని మీద ముందే తన గుర్తు గీసి ఉంచాడు, మార్చేస్తారేమోనని. నిదానంగా కర్ర వెనక్కి తీశాడు.

కొట్టినట్టే అనిపించలేదు. చేతికి దెబ్బ తగలలేదు. బంతి మాత్రం లేచింది. వంక మీద ఎక్కడో చిన్నదై పోయి, అవతలి గట్టు దాటి, దామోదరం బంతులు పడే చోటును కూడా దాటి, తుమ్మచెట్ల మొదళ్లలో దుమ్ము లేపింది.

దామోదరం "అబ్బా!" అన్నాడు.

పరంధామయ్య ఏమీ అనకుండా గబగబా నడిచి, వంక దిగి ఎక్కి, బంతిని చేతిలోకి తీసుకొని తిప్పి చూశాడు. గుర్తు తనదే. వెనక్కి తిరిగి చూస్తే, డిసిల్వా టోపీ తీసి గాల్లో ఊపుతున్నాడు. ఓడిపోబోయేవాడికి ఆ సంతోషమేమిటో పరంధామయ్యకు అర్థం కాలేదు. కడుపులో మంట దాచుకోవడానికి నటిస్తున్నాడని సర్దిచెప్పుకున్నాడు.

ఆ తర్వాత నాలుగైదేళ్లు రేణిగుంట మైదానంలో ఆయనంత దూరం కొట్టినవాడు లేడు. ట్రాఫిక్ దొర పిలిపించి ఆయన ఆట చూశాడు. 1946లో హెడ్ ఎగ్జామినరు అయ్యాడు. వరసలో వచ్చిందని ఆఫీసువాళ్లన్నారు. బంతి వల్ల వచ్చిందని పరంధామయ్య అన్నాడు. దామోదరంతో, డిసిల్వాతో రోజూ ఆడుతూనే వాళ్లను రోజూ కనిపెడుతూనే ఉండేవాడు. అలా కనిపెట్టుకొని ఉండటంలో, ఆయనకు తెలియకుండానే, ఒకరకమైన స్నేహం కుదిరింది. డిసిల్వాకు మలేరియా వచ్చినప్పుడు రెండు రాత్రులు ఆసుపత్రిలో కూర్చున్నది ఈయనే. మందు సరిగ్గా ఇస్తున్నారో లేదో చూడటానికి అన్నాడు.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు డిసిల్వా కుటుంబం ఇంగ్లండుకు బయలుదేరింది. మద్రాసు రైలు దగ్గరికి పరంధామయ్య వచ్చాడు. సామాను ఎక్కించాక డిసిల్వా ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"పరంధామం, పోయేముందు ఒక మాట. ఆ పొద్దు గార్డుల గదిలో మేము మాట్లాడింది నువ్వు వినాలనే మాట్లాడినాము. నీ మింద కుట్ర యానాడూ లేదప్పా. నువ్వు బాగా కొట్టాలనే. మొగాన చెప్తే నమ్మవని."

"ఆ సంగతి నీకెవరు చెప్పినారు?"

డిసిల్వా రైలెక్కుతూ చెప్పాడు. "మీ ఇంటామె. ఆమెను ఏమీ అనొద్దు."

రైలు కదిలింది. పరంధామయ్య చెయ్యి ఊపలేదు. ప్లాట్‌ఫారం మీద నిలబడి, ఇది కూడా అబద్ధమై ఉంటుందేమోనని ఆలోచించాడు. అబద్ధమైతే బాగుండునని అనిపించింది. ఇంటికి నడుస్తుంటే మాత్రం ఒక్కొక్కటీ గుర్తుకు రాసాగింది. పెరట్లో విన్నవి. వంటింటి గోడ వెనక విన్నవి. ఈ ఊళ్లో తాను నిజమని నమ్మినవన్నీ ఆ గోడల వెనక నుంచి వచ్చినవే.

జ్ఞానాంబ వాకిట్లో వడియాలు తీస్తోంది. ఆయన చెప్పులు విప్పకుండానే నిలబడ్డాడు.

"ఎన్ని వినిపించినావు నాకు ఇట్ల?"

ఆమె తలెత్తి చూసింది. ఏమైందో వెంటనే అర్థమైంది. అబద్ధమాడలేదు. "శానా," అంది.

ఆయన అరుస్తాడనుకుంది. అరవలేదు. గడప మీద కూర్చున్నాడు.

"మా నాయన మాట?"

అది పాత గాయం. పరంధామయ్య ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఆయన తండ్రి ఏర్పేడులో రైలెక్కి కొడుకు ఇంటికి వస్తుంటే, పెట్టె నిండా జనం చూస్తుండగా కొడుకే వచ్చి టికెట్టు అడిగాడు. ముసలాయన దగ్గర లేదు. కొనకుండా ఎక్కాడో, కొని పోగొట్టుకున్నాడో, నోరు విప్పి చెప్పలేదు. దిగమంటే దిగి, నడిచి ఊరికి పోయాడు. మళ్లీ కొడుకు గడప తొక్కలేదు. ముసలాయన చనిపోయినప్పుడు పరంధామయ్య గుంతకల్లు దారిలో డ్యూటీలో ఉన్నాడు. జ్ఞానాంబ మాత్రం ఊళ్లో మామ పక్కనే ఉంది. కర్మ అయిన మర్నాడు ఆమె పెరట్లో మేనత్తతో చెప్తుంటే ఆయన విన్నాడు. "మామ కడాకు 'పరంధాముడు డ్యూటీ దిగినాడా' అని అడిగినాడు అత్తా." ఆ ఒక్క మాట మీదే ఆయన ఇన్నేళ్లు నిలబడ్డాడు.

"అదీ నాకు వినిపించాలనే చెప్పినావా?"

"అవును," అంది జ్ఞానాంబ.

ఆయన తల వాలిపోయింది.

ఆమె చేతిలోని వడియాల చేట కింద పెట్టి, వచ్చి ఎదురుగా కూర్చుంది. "వినిపించాలనే చెప్పినాను. కల్పించి చెప్పలేదు. మామ అడిగినాడు. నా చెయ్యి పట్టుకొని అడిగినాడు. నీకు మొగాన చెప్తే, నిన్ను ఊరడించడానికి చెప్తా ఉండానని తోసేసేవాడివి. ఆ మాట నీకు అందకుండా పోతాదేమోనని, పెరట్లోకి పోయి చెప్పినాను."

పరంధామయ్య అలవాటు కొద్దీ ఆమె చేతుల వైపు చూశాడు. ఒళ్లో కదలకుండా ఉన్నాయి. తర్వాత మొహం చూశాడు. నెరిసిన ముంగురులు, పిండి అంటిన చెంప. ఇన్నేళ్లలో ఆ మొహాన్ని ఇంతసేపు చూసినట్టు ఆయనకు గుర్తులేదు.

"ఇంగోసారి చెప్పు," అన్నాడు.

"పరంధాముడు డ్యూటీ దిగినాడా, అన్నాడు."

ఆయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆమె లేచి పోలేదు.

పరంధామయ్య అనుమానం మానలేదు. రిటైరైన తర్వాత కూడా పాలవాడి నవ్వును పరిశీలిస్తూనే ఉండేవాడు. కానీ జ్ఞానాంబ ఇక ఏది చెప్పాలన్నా పెరట్లోకి పోయేది కాదు. ఎదురుగా కూర్చొని చెప్పేది. "నిజమేనా?" అనేవాడు ఆయన. "నిజమే," అనేది. కొన్నిసార్లు రెండోసారి కూడా అడిగేవాడు. ఆమె విసుక్కునేది, అయినా చెప్పేది.